రెండు తలుపుల బడి

మొన్న శనివారం పొద్దున ఆ గదిలో ఉన్నవాళ్ళం ఇద్దరం: నేను, పద్మజ ఆంటీ. ఉన్నవి: నడుమ ఒక ఇనుప పొయ్యి, కప్పుదాకా దాని పొగగొట్టం, తూర్పున మూడు కిటికీలు, పడమట మూడు, దక్షిణపు గోడ పొడవునా నల్లబల్ల, దాని ముందు టీచరు నిలబడడానికి జానెడెత్తు చెక్క అరుగు, కాళ్ళు నేలకు బిగించిన పాత బెంచీలు, పిల్లల వాచకాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా, పైమూల ఒక ఖాళీ కందిరీగల గూడు, నా లేజర్ కొలబద్ద, దాని స్టాండు, ఆంటీ తెచ్చిన అటుకుల పులిహోర. ఉత్తరపు గోడకు రెండు తలుపులు. రెండూ తెరిచే ఉన్నాయి.

అమెరికాలో బెంటన్‌విల్ ఊరి అంచున ఉన్న ఈ పాత బడికి పైకప్పు మార్చాలి. మార్చాలంటే నక్షా కావాలి. కట్టిన రైతులు నక్షా గీసుకుని కట్టలేదు కనుక ఇప్పుడెవరో ఒకరు ఉన్నదాన్ని కొలిచి గీయాలి. కట్టడాలకు నక్షాలు గీయడం నా ఉద్యోగం. ఈ బడిని చూసుకునే స్థానిక చరిత్ర సంఘంవాళ్ళు ఆ సంగతి తెలిసి ఫోన్ చేస్తే, ఊరికే గీసిస్తానన్నాను. ఒక్కడినీ వెళ్ళి రెండు గంటల్లో ముగిద్దామనుకున్నాను. తాళం ఆంటీ దగ్గర ఉంది. తాళంతోపాటు ఆంటీ, ఆంటీతోపాటు పులిహోర వచ్చాయి. దాంతో కొలతల పని మధ్యాహ్నం దాకా సాగింది. ఏ మూలా తొంభై డిగ్రీలు లేదు. తూర్పు గోడ పడమటి గోడకన్నా నాలుగంగుళాలు పొడవు. చిన్నప్పుడు ఎన్ని ఆదివారాలు ఇందులో కూర్చున్నానో, ఒక్కసారీ ఈ వంకర నా కంటబడలేదు.

ఈ కట్టడం కథ నాకు చెప్పింది వెండెల్ గారు. ఆయన కోళ్ళు పెంచుకుని బతికిన రైతు, చిన్నప్పుడు ఈ బడిలోనే చదువుకున్నారు, మేం వచ్చేనాటికి దీని తాళాలు ఆయన నడుముకు వేలాడుతుండేవి. ఇప్పుడు అందరూ కంప్యూటర్ల ముందు కూర్చునే ఈ చుట్టుపక్కలంతా ఒకప్పుడు ఆపిల్ తోటలట. ఒక రైతు స్థలమిచ్చాడు, ఒకాయన చెట్లు కొట్టి దూలాలు కోయించాడు, ఇంకొకాయన మేకులిచ్చి, ఇచ్చానని చచ్చేదాకా చెప్పుకున్నాడు. మగపిల్లలకో తలుపు, ఆడపిల్లలకో తలుపు పెట్టారు. లోపలికెళ్తే గది ఒక్కటే. మరి రెండెందుకని మేం అడిగితే, "తోసుకోకుండా" అన్నారు వెండెల్ గారు. తాళాలు సర్దుకుంటూ, "అయినా తోసుకునేవాళ్ళం" అన్నారు. తర్వాత పిల్లలను పట్నం బడికి తీసుకెళ్ళే బస్సు వచ్చింది, ఈ బడి మూతపడింది. కొన్నాళ్ళు ఎండుగడ్డి దాచారు. ఎన్నికలప్పుడు ఓట్లు వేయించారు. ఆడవాళ్ళు కూర్చుని బొంతలు కుట్టారు. ఒక చలికాలం ఎవరివో మేకలు కాపురముండి వెళ్ళాయి. చివరికి చరిత్ర సంఘం తీసుకుని తెల్లరంగు వేయించి, పాతది పాతగానే ఉంచాలని నియమం పెట్టింది. వాళ్ళ గర్వమంతా కుడి తలుపు గడప మీద. ఓక్ చెక్క. రంగూ వార్నిషూ ఎరగదు. ఎన్ని తరాల పిల్లలు తొక్కారో, మధ్యలో అరిగి గరిటెలా పల్లంపడింది. సంఘంవాళ్ళ కరపత్రం మీద బొమ్మ బడిది కాదు, ఆ గడపది.

మేం ఇక్కడికి రాకముందు మా తెలుగు క్లాసు మా అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో జరిగేది. అద్దాల గోడకు అవతల ఈతకొలను. పద్మజ ఆంటీ "క, కా, కి" అంటుంటే మా చూపులన్నీ నీళ్ళ మీదే. ఆంటీ ఖమ్మంలో హైస్కూల్లో లెక్కల టీచరు. అంకుల్ కాంట్రాక్టు మీద ఇక్కడికొస్తే వెంట వచ్చారు. ఆవిడ వీసాకు ఉద్యోగం చేసే వీల్లేదు. అపార్ట్‌మెంట్ లీజు, బ్యాంకు ఖాతా, కారు, ఫోను, అన్నీ అంకుల్ పేరు మీదే. పాత బడిని ఆదివారాలు వాడుకోవచ్చని మా అమ్మ లైబ్రరీలో కాగితం చూసి చెప్పినప్పుడు, ఒప్పందం మీద సంతకం పెట్టింది పద్మజ ఆంటీ. ఈ దేశంలో ఆవిడ తన పేరున పెట్టిన మొదటి సంతకం అదే. దాని కాపీ చాలాకాలం వాళ్ళ ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలవగానే కార్లు బయల్దేరేవి. కోళ్ళఫారాలు దాటి కంకరరోడ్డెక్కితే వెనక లేచే దుమ్మును బట్టి ఎవరు ముందొచ్చారో తెలిసేది. కుడి తలుపు మనుషులకు, ఎడమ తలుపు చెప్పులకు. ఆ ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు, మొదటి రోజే అలా జరిగిపోయింది. వెండెల్ గారు చెప్పుల గుట్టను చూసి, "ఆడపిల్లల తలుపుకి ఇంత గిరాకీ మా రోజుల్లో లేదు" అన్నారు. లోపల నేలకు పట్టించిన నూనె వాసన, పొయ్యిలో పాత బూడిద వాసన, వాటి మీదుగా ఎవరి సంచీలోంచో వచ్చే ఇంగువ వాసన. నాన్నలు లోపలికి రారు, కార్లకానుకుని నిలబడతారు. "ప్రాజెక్ట్ ఎక్స్‌టెండ్ అయిందా?" "డిసెంబర్ దాకానట." "డాలస్ పోతున్నావని విన్నా?" "పోయేవాడినైతే ఇంటి ముందు గడ్డి ఎందుకు కోస్తాను?" వానొచ్చినా చలైనా అదే చోటు, అవే మాటలు. అమ్మలు మాత్రం లోపల వెనక బెంచీల్లో కూర్చుని, మాకు రాని గుణింతాన్ని పెదాలు కదలకుండా అందించేవారు. ఆంటీ పట్టేసేవారు. "లలితక్కా, నువ్ ఎప్పుడో పాసయినవ్. ఇప్పుడు వాడి వంతు" అనేవారు మా అమ్మతో.

నాకు పదేళ్ళప్పటి దసరాకి, వెండెల్ గారినడిగి ఒక శనివారం, ముగ్గురు చిన్నపిల్లలకు అక్షరాభ్యాసం పెట్టుకున్నాం. అంతకుముందెప్పుడూ మా క్లాసులో ఎవరికీ కొత్తగా అక్షరం దిద్దించలేదు, మేమంతా ఎంతోకొంత వచ్చి చేరినవాళ్ళమే. పళ్ళెంలో బియ్యం, పలకలు, బలపాలు, అరుగు మీద సరస్వతి పటం. అన్నీ అమరాక మా అమ్మ తలుపు దగ్గర నిలబడి, "గడప బోసిగా ఉంది పద్మజా" అంది. అంతే. పసుపు వచ్చింది, నీళ్ళొచ్చాయి, బాగా పట్టాలని ఒక చెంచా నూనె కూడా వచ్చింది. నిమిషాల్లో ఆ ఓక్ గడప పెళ్ళివారింటి గడపైంది. కుంకుమ బొట్లు, మెట్ల ముందు చిన్న ముగ్గు. ఐదేళ్ళ స్నిగ్ధ దాన్ని తొక్కకుండా గెంతి లోపలికొచ్చి, బియ్యంలో "ఓం" రాసి, ఆ బియ్యం తినొచ్చా అని అడిగింది. రోజంతా బాగా గడిచింది.

సాయంత్రం శుభ్రం చేస్తుంటే ముగ్గు ఊడ్చేస్తే పోయింది. కుంకుమ తుడిస్తే పోయింది. పసుపు పోలేదు. ఇళ్ళలో గడపకు రంగుంటుంది, తుడిస్తే వస్తుంది. ఇది ఒట్టి చెక్క. నూనెతో కలిసి లోపలికి దిగిపోయింది. ఒప్పందంలో స్పష్టంగా రాసుంది: పాత చెక్క మీద ఏదీ పూయరాదు, పూస్తే ఒప్పందం రద్దు. అందరం చదివాం. రంగులు, పాలిష్‌ల గురించి అనుకున్నాం. గడపకు పసుపు రాయడం పూయడం కిందికి వస్తుందని ఒక్కరికీ తట్టలేదు, ఎందుకంటే అది అలంకారం కూడా కాదు మనకు, తలుపు తియ్యడం లాంటిదే.

అప్పుడు మా నాన్న చొక్కా చేతులు మడిచాడు. "సోడా వేస్తే ఎలాంటి మరకైనా పోతుంది. నెట్‌లో చూశా. నాకు వదిలెయ్యండి" అన్నాడు. ఇంకో ఇద్దరు నాన్నలు బ్రష్షులతో తయారయ్యారు. పొయ్యి శుభ్రానికి పెట్టిన వంటసోడా డబ్బా మొత్తం గడప మీద కుమ్మరించి, నీళ్ళు పోసి, ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని రుద్దారు.

"ఆంటీ! డోర్‌కి బ్లడ్ వస్తోంది!" అని స్నిగ్ధ కేక పెట్టింది.

గడప నిజంగానే నెత్తురు రంగుకు తిరిగింది. ముగ్గురు ఇంజనీర్ల చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఏమండీ! హారతి నీళ్ళు ఎట్లా కలుపుతారో తెలీదా మీకు? పసుపులో సున్నం పడ్డా సోడా పడ్డా ఎర్రగా అవుతుందని ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు!" అంది అమ్మ.

"ఐదేళ్ళ పిల్ల బ్లడ్ అంటోంది."

"మీ బీటెక్‌లో కెమిస్ట్రీ లేదా అసలు?"

"ఫస్ట్ ఇయర్‌లో ఉంది. పాసయ్యాను కూడా."

"ఎవరు దిద్దారో పేపరు!"

నవ్వొచ్చినవాళ్ళు నవ్వారు. ఆంటీ నవ్వలేదు. అరుగు మీద కూర్చుని, "అక్కా, అగ్రిమెంట్ నా పేరు మీద ఉంది" అన్నారు. ఆ మాటతో అందరి నవ్వూ ఆగిపోయింది. క్లాసు పోతే మాకు ఈతకొలను దొరుకుతుంది. ఆవిడకు మళ్ళీ ఇల్లే.

తాళం వెయ్యడానికి వచ్చిన వెండెల్ గారు ముందు, "ఎవరికి దెబ్బ తగిలింది?" అని అడిగారు. ఆంటీ జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆయన మోకాళ్ళు చప్పుడయ్యేలా వంగి, వేలితో గడప తడిమి, చాలాసేపు చూశారు. నెలాఖరున బడిని ఊరివాళ్ళకు చూపించే రోజు ఉంది, దానికి ముందు సంఘం అధ్యక్షురాలు మిసెస్ హార్లన్ వచ్చి అంతా పరీక్షిస్తారని చెప్పారు. "నేను ఆవిడకి అబద్ధం చెప్పను. కానీ ఫోన్ చేసి మరీ నిజం చెప్పే అలవాటు నాకు లేదు" అని తాళం వేసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక అమ్మ తెనాలికి ఫోన్ చేసింది. అప్పటికి అక్కడ తెల్లవారింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి అమ్మమ్మ తిట్లు అందరం విన్నాం.

"పసుపు బట్టలు ఎండలో ఆరేస్తే రంగు దిగదుటే? దీనికింత రాద్ధాంతమా? ఎండలో పెట్టు."

"గడపని ఎండలో ఎట్లా పెట్టనమ్మా? అది గోడకుంది! ఉత్తరం ముఖం, మీద చూరు. ఎండే పడదు."

"అయితే ఎండనే గడప దగ్గరికి తీసుకురా" అని అమ్మమ్మ కాఫీకి లేచింది.

ఎండను గడప దగ్గరికి తీసుకురావడమెలాగో నాన్న రాత్రి భోజనం ముందే కాగితం మీద గీసేశాడు. సోడా పరువు దక్కించుకోవాలి కదా. మర్నాడు మొదట వెనిగర్‌తో తుడిస్తే ఎరుపు విరిగి మళ్ళీ పసుపైంది. తర్వాత అమ్మ పడగ్గదిలోని నిలువుటద్దాన్ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి తెచ్చి, బడి నీడ దాటాక పచ్చికలో దక్షిణానికి తిప్పి నిలబెట్టారు. ఎండ అద్దం మీద పడి, వెనక్కి మళ్ళి, చూరు కింద దూరి, గడప మీద పలకలా పరుచుకుంది. నాలుగు నిమిషాలు నిలిచి పక్కకు జరిగిపోయింది. నాన్న అద్దాన్ని తిప్పితే వెలుగు గడప దాటి గోడ మీదికి ఉరికింది.

"సగమే తిప్పండి సుధాకర్ గారూ. అద్దం ఎంత తిరిగితే వెలుగు దానికి రెట్టింపు తిరుగుతది" అన్నారు పద్మజ ఆంటీ. అప్పటిదాకా పచ్చికలో కూర్చున్న మనిషి లేచొచ్చి, అద్దం పట్టుకుని, ఒక పుల్లతో నేల మీద రెండు గీతలు గీసి మా అందరికీ పాఠం చెప్పారు. తర్వాత ఎన్నో ఏళ్ళకు కాలేజీలో అదే పాఠం వచ్చినప్పుడు నాకు పుస్తకం అక్కర్లేకపోయింది.

సోమవారం నుంచి నాన్నలు ఆఫీసుకి వెళ్తారు. అందుకని మధ్యాహ్నాలు అమ్మ ఆంటీని కార్లో తీసుకొచ్చేది, బడి అయ్యాక నన్నూ. అప్పటికే వెండెల్ గారు మడత కుర్చీ వేసుకుని అద్దం పక్కన కూర్చుని ఉండేవారు. ఎవరూ ఆయన్ని రమ్మనలేదు. వాళ్ళ కాలంలో జేబులో అద్దంముక్క పెట్టుకొచ్చి, కిటికీలోంచి పడే ఎండను టీచరు కళ్ళలోకి కొట్టేవారట. దొరికిపోతే శీతాకాలమంతా పొయ్యికి కట్టెలు మొయ్యాలి. "ఇన్నేళ్ళకి పర్మిషన్‌తో కొడుతున్నా" అని అద్దాన్ని సగం తిప్పేవారు.

ఆ టీచరు పేరు మిస్ ఓపల్. ఎనిమిది తరగతులకూ ఆవిడొక్కరే. పెద్దవాళ్ళకు లెక్కలిచ్చి, చిన్నవాళ్ళకు అక్షరాలు దిద్దించి, మధ్యవాళ్ళను వాళ్ళలో వాళ్ళే చదువుకోమనేవారట. బస్సు వచ్చాక పిల్లలంతా పట్నం బడిలో చేరారు. అక్కడ డిగ్రీ ఉన్న టీచర్లే కావాలన్నారు, మిస్ ఓపల్‌కి లేదు.

"మరి ఆవిడ ఏం చేసింది?" అని అడిగారు ఆంటీ.

"ఆపిల్ పళ్ళు పెట్టెలకెత్తే షెడ్‌లో చేరింది."

ఆంటీ అద్దం తిప్పారు. "పాఠాలు?" అన్నారు.

"షెడ్‌లో పాఠాలేముంటాయి?"

"ఆదివారాలు కూడా చెప్పలేదా?"

వెండెల్ గారు టోపీ తీసి తల గోక్కున్నారు. "ఎవరూ అడగలేదు" అన్నారు.

ఆ రోజు తిరుగుదారిలో ఆంటీ వెనక్కి తిరిగి బడి వైపే చూస్తూ కూర్చున్నారు. అమ్మ రెండుసార్లు ఎవరో డాలస్ పోతున్నారన్న కబురు ఎత్తింది, అయినా మాట సాగలేదు.

నెలాఖరుకు గడప రంగు దాదాపు తిరిగొచ్చింది. తెలియనివాళ్ళు చూస్తే తెలియదు, తెలిసినవాళ్ళకు చెక్క పగుళ్ళలో సన్నని పసుపు గీతలు కనబడతాయి. మిసెస్ హార్లన్ వచ్చిన ఆదివారం మా క్లాసు జరుగుతోంది. పొడుగాటి మనిషి, మెడలో గొలుసుకు కళ్ళద్దాలు. పొయ్యి చూశారు, కిటికీలు చూశారు, చెప్పులున్న తలుపు చూసి కనుబొమలెత్తారు. కుడి తలుపు గడపను మామూలుగానే దాటి లోపలికొచ్చారు. కిటికీలోంచి నాన్న నన్ను చూసి కన్నుగీటాడు. గండం గడిచినట్టే.

అప్పుడు ఆంటీ నల్లబల్ల దగ్గర్నుంచి వచ్చి, ఆవిడ ముందు నిలబడి, ఇంగ్లీషులో ఒక్కో మాటే పేర్చుకుంటూ చెప్పారు: ఆ గడపకు మేం పసుపు పూశాం, ఒప్పందానికి విరుద్ధం, సంతకం నాది.

"ఎందుకు చెప్పావే తల్లీ!" అని అమ్మ తెలుగులో గొణిగింది. వెండెల్ గారు కప్పు దూలాలను శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టారు.

మిసెస్ హార్లన్ కళ్ళద్దాలు పెట్టుకుని బయటికెళ్ళి, వంగి గడపను చూశారు. తిరిగొచ్చి, "గడపకే ఎందుకు?" అని అడిగారు. ఆంటీ మా అందరి వంకా చూశారు, ఎవరైనా అందిస్తారేమోనన్నట్టు. "పిల్లలు మొదటిరోజు చదువుకి వస్తున్నారు. లోపల వాళ్ళ కోసం ఎవరో కనిపెట్టుకుని ఉన్నారని తలుపు చూస్తేనే తెలియాలి" అన్నారు ఆంటీ చివరికి. మిసెస్ హార్లన్ కళ్ళద్దాలు తీసేశారు. సంఘం కూర్చుని నిర్ణయిస్తుందని చెప్పి వెళ్ళిపోయారు. ఆంటీ వెనక్కి వెళ్ళి, ఆపిన చోటినుంచి గుణింతం అందుకున్నారు. మేం ఆ రోజు అల్లరి చెయ్యలేదు.

తర్వాతి ఆదివారం వెళ్ళేసరికి తలుపు పక్కన గోడకు కొత్త నియమాల కాగితం ఉంది. కొవ్వొత్తులు వెలిగించరాదు. మేకులు కొట్టరాదు. టేపు అంటించరాదు. చూయింగ్ గమ్ తేరాదు. చివర్న కొత్తది: పసుపు వాడరాదు. ఆంటీ రెండుసార్లు చదివి, "అంటే ఏమన్నట్టు?" అన్నారు.

"ఉండమన్నట్టే. వెళ్ళిపొమ్మనేవాళ్ళకి రూల్స్ ఎందుకు పెడతారు?" అన్నాడు నాన్న. కార్ల దగ్గర నాన్నలంతా ఆ తర్కాన్ని మెచ్చుకున్నారు. సోడా సంగతి మాత్రం మర్చిపోలేదు.

ఆ కంకరరోడ్డు ఇప్పుడు నాలుగు వరసల తారురోడ్డు. కోళ్ళఫారాలున్నచోట ఇళ్ళు లేచాయి, వాటిలో చాలా ఇళ్ళ గుమ్మాలకు ప్లాస్టిక్ మామిడి తోరణాలున్నాయి. పెద్దపిల్లల తెలుగు క్లాసులు ఊళ్ళో ఒక పెద్ద స్కూలు క్యాంటీన్‌లో జరుగుతున్నాయి: మైకు, ప్రొజెక్టరు, పార్కింగ్ చూసేందుకు వాలంటీర్లు. అక్కడ ఏ వాసనా రాదు. వెండెల్ గారు పోయి చాలాకాలమైంది. పద్మజ ఆంటీకి కొన్నేళ్ళ తర్వాత పని చేసుకునే అనుమతి వచ్చింది. పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకుని, ఇప్పుడు మిడిల్ స్కూల్లో లెక్కలు చెబుతున్నారు. వారమంతా అది. ఆదివారం మాత్రం అఆలు దిద్దే చిన్నపిల్లలు ఇంకా ఈ గదికే వస్తారు. ఒప్పందం ఇంకా ఆవిడ పేరు మీదే ఉంది. ఇక్కడ చెప్పుల గుట్ట మాత్రం మారలేదు, కాకపోతే వెలుగుతూ ఆరుతూ ఉండే బూట్లు ఎక్కువయ్యాయి.

కొలతలన్నీ అయ్యాక పులిహోర తింటూ లాప్‌టాప్‌లో నక్షా మూలనున్న వివరాల గడులు నింపుతున్నాను. ఒక గడిలో ఈ గది దేనికోసమో రాయాలి. దాన్ని బట్టే లోపల ఒకేసారి ఎంతమంది ఉండొచ్చో లెక్క తేలుతుంది. సంఘంలో ఇప్పుడున్నవాళ్ళలో కొందరికి, పైకప్పు బాగయ్యాక బెంచీల్లో పాతకాలం బట్టలు తొడిగిన బొమ్మలను కూర్చోబెట్టి మ్యూజియం చేద్దామని ఉంది. కొందరికి ఆదివారం పిల్లలుంటేనే బాగుంటుందని ఉంది. ఎటూ తేల్చుకోలేక, ఇప్పుడు ఎలా వాడుతున్నారో అదే రాయమని నాకు వదిలేశారు.

"ఆంటీ, మ్యూజియం అని రాయనా, క్లాస్‌రూమ్ అని రాయనా?"

"రేపు క్లాసులో నేనెవరికి చెప్పాలిరా కార్తీ, బొమ్మలకా?" అన్నారు ఆవిడ, నా ప్లేటులో ఇంకో గరిటె వేస్తూ.

క్లాస్‌రూమ్ అని రాశాను. మ్యూజియమైతే ఒక్కో మనిషికి ఎక్కువ చోటు వదలాలి, ఇరవై నాలుగు మందికే వీలు. తరగతి గదికి లెక్క వేరు. పొయ్యి చోటు, అరుగు చోటు తీసేసి, మిగిలిన నేలను భాగించాను. గదిలో ఒకేసారి ఉండదగిన వారి సంఖ్య: ముప్పై ఆరు.